విమానం వెళ్తుండగా చెప్పిన మాట

పక్క గదిలోంచి ఆ సంగీతం వినబడగానే పోపు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తిత్తికి చిల్లుపడ్డ హార్మోనియం మీద ఎవరో పిల్లలు ఆడుకుంటున్నట్టు ఈలలు వేసే చప్పుడది. ఆవాలు మాడిపోయాయి. వెళ్ళి చూస్తే మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఏదో పాత బొమ్మల సినిమా పెట్టుకుంది. "భయంగా ఉంటుందన్నారమ్మా, ఏం లేదు, గుడ్లగూబ మాట్లాడుతుందంతే" అంది. నేను స్టవ్ ఆపేసి వచ్చి దాని పక్కన కూర్చున్నాను. ఆ గుడ్లగూబ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సలోమి ఆంటీ నోట విన్నాను.

ఎనభైల నడుమ మేం బహ్రెయిన్‌లో, అరాద్‌లో ఉండేవాళ్ళం. నాన్న సిత్రా వైపు ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. పక్క వాటాలో సలోమి ఆంటీ. తెనాలి దగ్గరి మనిషి, నర్సు. శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక ఆవిడ హాల్లోనే జరిగేది. మామీర్‌లోని కూలీల క్యాంపు నుంచి కూడా వ్యానులో వచ్చేవారు. పాస్టరుగారు మలయాళీ, ఇంగ్లీషులో ప్రసంగించేవారు. ఆంటీ ఆయన పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం తర్జుమా చేసేది. ఆయన చెయ్యెత్తితే ఈవిడా ఎత్తేది, ఆయన గొంతు పెంచితే ఈవిడా పెంచేది. విమానాశ్రయం పక్కనే కాబట్టి ప్రసంగం మధ్యలో నెత్తిమీదుగా విమానం వెళ్ళేది, కిటికీ అద్దాలన్నీ వణికేవి. పాస్టరుగారు తన ధోరణిలో చెప్పుకుపోతున్నా ఆంటీ మాత్రం నోరు మెదిపేది కాదు. చప్పుడు పోయాక, "మళ్ళీ చెప్పండి పాస్టరుగారూ" అని ఇంగ్లీషులో అడిగేది. పాపం, ఒక్కోసారి తను ఏమన్నారో ఆయనకే గుర్తుండేది కాదు.

"నువ్వే ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చుగా ఆంటీ" అన్నాను ఒకసారి.

"ఇనపడంది ఎట్టా చెప్తానే? అక్కడ నిలబడ్డాక నా నోట్లోంచి వచ్చేది నా మాట కాదు. ఒక్క ముక్క కలిపినా దొంగసరుకే" అంది.

ఇవాళ హైదరాబాదు ఆసుపత్రిలో అరబ్బు రోగులకూ డాక్టర్లకూ మధ్య నిలబడి నేను చేసే ఉద్యోగానికి ఆ మాటే పునాది. డాక్టరు చెప్పింది ఎంత చేదుగా ఉన్నా మెత్తబరచను. అలా నేర్పిన మనిషే నన్ను ఇప్పటికీ తికమకలో పడేసి పోయింది.

నేను చెప్పబోయే శుక్రవారానికి ముందటి ఏడు మా అమ్మ పోయింది. సెలవుకని ఊరెళ్ళింది, కామెర్లు ముదిరి అక్కడే పోయింది. నాకు బడి పోతుందని నన్ను నాన్న దగ్గరే ఉంచి వెళ్ళింది, అంతే, మళ్ళీ చూడలేదు. నాతో అనాల్సిన మాటేదో అనకుండానే వెళ్ళిపోయిందని నాకు గట్టి నమ్మకం. అదేమిటో ఎవరిని అడగాలో తెలిసేది కాదు. కూడికలో అడిగితే, "అమ్మ ప్రభువులో నిద్రిస్తోంది తల్లీ" అనేవారు. నిద్రపోయేవాళ్ళు మాట్లాడరు కదా అని నాకు ఒళ్ళు మండేది. నా జడలు అప్పుడు నాన్న వేసేవాడు. ఒకటి చెవిమీద, ఇంకొకటి మెడమీద వచ్చేది.

ఆ శుక్రవారం భోజనాలయ్యాక పిల్లల కోసం సినిమా వేస్తామన్నారు. కూడిక పెద్ద దావీదు అంకుల్ ముహరఖ్ బజారులో కేసెట్టు అద్దెకు తెచ్చారు. "పిల్లల పుస్తకంలోంచి తీసిందంట, పైగా బొమ్మలది. మంచిదే అయ్యుంటది" అన్నారు. ఇంగ్లీషు సినిమా కదా, సలోమమ్మ పక్కన నిలబడి చెబుతుందన్నారు. ఆవిడ చెంగు బొడ్లో దోపుకుని, పాస్టరుగారి పక్కన నిలబడ్డట్టే టీవీ పక్కన నిలబడింది.

కాసేపటికి తెలిసింది, అది దయ్యాల కథ అని. కొండమీద ఒక ఇల్లు, తల్లిలేని పిల్ల, నేలమాళిగలోకి దిగే మెట్లు, మెట్లకు కాపలాగా గుడ్లగూబ. ఆపాలో చూడాలో పెద్దవాళ్ళకు పాలుపోలేదు. ఆంటీకి తర్జుమాకని ఉన్నది ఒకటే గొంతు. "'ఓ చిన్నదానా, నీవు ఈ మెట్లు దిగవద్దు, దిగినవారు తిరిగి రారు' అని గుడ్లగూబ సెలవిస్తున్నది" అంది. వెనక నుంచి ఒక పెద్దావిడ అలవాటుకొద్దీ "ఆమెన్" అనేసింది. భయపడాలో, కళ్ళు మూసుకుని తల వంచాలో మా పిల్లలకు అర్థం కాలేదు. ఒకడు రెండూ చేశాడు.

సినిమాలో పిల్ల మెట్లు దిగింది. అడుగున చీకట్లో చనిపోయిన తల్లి నిలబడి ఉంది, జుట్టంతా మొహం మీద పడి. పక్కనున్న పిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. నాకు మాత్రం భయం ఒక్కసారిగా పోయింది. చచ్చిపోయిన అమ్మ కూతురితో ఏమంటుందో ఇప్పుడు తెలిసిపోతుంది, అంతే నాకు కావలసింది. ఆ తల్లి కూతురి మీదికి వంగింది. సరిగ్గా అప్పుడు విమానం వచ్చింది. అద్దాలు వణికాయి, టీవీ మాట ఎవరికీ వినబడలేదు. నేను ఆంటీ వైపు చూశాను. ఆవిడ కూడా నా వైపే చూస్తోంది. ఎప్పటిలా ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. విమానం చప్పుడు మీదుగా గొంతు పెంచి, "'నీకు జడలు ఎవరేస్తున్నారే అమ్మలూ?' అని అడుగుతుంది వాళ్ళమ్మ" అంది.

ఆ గొంతు ప్రసంగాల గొంతు కాదు. పైగా సినిమాలో పిల్లకు జడలే లేవు, చెవుల దాకా కత్తిరించిన జుట్టు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. దావీదు అంకుల్ కేసెట్టు ఆపేశారు.

"అది నిజంగా అట్టాగే అందా సలోమమ్మా?"

"అన్నదే చెప్పానన్నా."

"ఇమానం పోతంది గదా, ఎట్టా ఇన్నావు?"

"నాకు ఇనపడింది" అంది ఆంటీ, కిందికి చూస్తూ.

ఆయన నమ్మలేదు. చచ్చినవాళ్ళ చేత మాట్లాడించిన మనిషి వాక్యానికి పనికిరాదన్నారు. తర్వాత చాలా వారాలు ఇంకెవరినో నిలబెట్టారు. అతను విమానం వచ్చినా ఆగేవాడు కాదు, తోచింది చెప్పేసేవాడు. ఆంటీ చివరి వరసలో కూర్చుని వినేది. కూడికకు ముందు మాత్రం నన్ను పిలిచి జడలు వేసేది. "నిజంగా ఏమంది ఆంటీ?" అని అడిగితే దువ్వెన గట్టిగా దిగేసి, "కదలబాక" అనేది. మేం బహ్రెయిన్ వదిలి వచ్చేసే రోజున కూడా అడిగాను. "ఇనపడింది చెప్పానే" అంది. ఆవిడా పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుని చూస్తుంటే ఆ మెట్ల దృశ్యం వచ్చింది. తల్లి వంగింది. సంగీతం కూడా ఆగిపోయింది. కాసేపు అలాగే ఉండి, లేచి చీకట్లోకి వెళ్ళిపోయింది. ఒక్క మాట లేదు. వెనక్కి తిప్పించి, సౌండు పెంచించి మళ్ళీ చూశాను. లేదు. మరి ఆ రోజు ఆంటీకి ఏం వినబడింది? ఏదో అనే ఉంటుందని ఊహించి చెప్పిందా? నా జడలు చూసి, తెలిసి తెలిసి దొంగసరుకు కలిపిందా? లేక నిజంగానే ఏమైనా విన్నదా? ఒకటి అనుకోగానే రెండోది సరైనదనిపిస్తుంది. ఆ మాట మాత్రం మా అమ్మదేనని ఇన్నాళ్ళూ దాచుకున్నాను, ఇప్పుడు తిరిగి ఇచ్చేయడం నా వల్ల కాదు.

"ఆమె ఏమీ అనలేదు కదమ్మా, ఎందుకేడుస్తున్నావ్?" అంది మా అమ్మాయి.

"అంది. విమానం వెళ్తోంది, నీకు వినబడలేదు" అన్నాను.