తాత పంచెలో చిరుగు

బొంతలు కుట్టడంలో పత్తికొండ రామసుబ్బమ్మ చేతికి పేరుంది. అందుకే మనవరాలు హర్షిణి కర్నూల్లో కాలేజీ ప్రదర్శనకు గుడ్డలతో ఒక పటం చేద్దాం రమ్మంటే సరేనంది. ఎందుకు ఒప్పుకుంటినా అని అప్పట్నుంచీ తల పట్టుకుంటోంది. ఆ పిల్ల సూది ముట్టదు. టమోటా పెట్టె చెక్కల మీద గోనెపట్టా, పాతచీరల పేలికలు జిగురు పూసి అంటిస్తుంది, పైన ఎర్రరంగు చల్లుతుంది.

“ఉతికితే ఏం మిగుల్తాది మే దీంట్లో?”

“గోడకు తగిలించేదాన్ని ఎవురు ఉతుకుతారవ్వా?”

రామసుబ్బమ్మ మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి చెక్కల నడుమ చనిపోయిన మొగుడి పంచె కనబడింది. దాని చిరుగుకు తాను ఎప్పుడో వేసిన కుట్లన్నీ పిల్ల బ్లేడుతో విప్పేసింది.

“చిరుగు కనపడాలవ్వా. తాత పడిన కష్టం తెలుస్తాది.”

“కష్టం కాదు, పెండ్లానికి సూది పట్టను రాదని తెలుస్తాది.”

జిగురు ఆరని పంచెను ఊడబెరికి ఒళ్లో వేసుకుని, ఆమె సూదిలోకి దారం ఎక్కించింది.

“బతికున్నన్నాళ్లూ మీ తాతను చిరుగుపంచెతో గడప దాటనియ్యలేదు. ఇప్పుడు కర్నూలుకు ఇట్లనే పంపిస్తానా?”