సందర్శకుల పుస్తకంలో ఖూతా పేరు

ఖూతా పుట్టింది ఆఫ్రికాలోని కలహారి అభయారణ్యంలోనే. అయినా గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి, రెండు రోజుల పాసు తీసుకుంటేగానీ లోపలికి పోనివ్వరు. ఏళ్ల తరబడి నోరెత్తకుండా పెడుతూనే ఉన్నాడు. అందర్నీ బయటికి పంపేసినా, లోపల పాత గూడెంలో అక్క కోమ్సా ఒక్కతే ఉంటోంది. అక్కడి బోరును అధికారులు మూసేశారు. ఈ ఎండల్లో ఆమె ప్రాణం ఖూతా మోసుకెళ్లే రెండు నీళ్ల క్యాన్లలో ఉంది.

ఆ రోజు రాజధాని గాబొరోనె నుంచి సొంత బండిలో సింహాలను చూడ్డానికొచ్చిన మోదిసే, అతని భార్య లెసెదీ దారి చూపమని ఖూతాను, అతని క్యాన్లను ఎక్కించుకున్నారు. దారి మధ్యలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది.

"ఆపు నాయనా, కింద చిక్కిన గడ్డి పీకాలి," అన్నాడు ఖూతా.

"గడ్డి గింజలు ఇంజన్లోకి పోకుండా ముందర వల కట్టాను కదా తాతా," అన్నాడు మోదిసే.

"ముందర కట్టావు. బండికి కడుపు కూడా ఉంటది."

"నా బండి సంగతి నాకు తెలీదా?"

"కొని వారమైంది తాతా. నాకూ ఇదే జవాబు," అంది లెసెదీ.

కాసేపటికి కాలిన వాసన. కాళ్ల కింద నుంచి పొగ. బండి ఆపి దూకబోయిన మోదిసే చొక్కా పట్టుకున్నాడు ఖూతా. తలుపు పక్కనే ఇసుకలో సింహం అడుగులు. అంచులింకా చెదరలేదు. వాటినే చూస్తూ ఉండిపోయాడు. పొగ చిక్కబడుతోంది.

"అడుగులు దగ్గరదగ్గరగా, బరువుగా పడ్డాయి. కడుపునిండా తిని నీడకు పోయింది. మెల్లగా దిగండి. పరుగెత్తారో, చచ్చామే."

మోదిసే నీళ్ల క్యాను లాగాడు. ఖూతా మూత మీద చెయ్యి వేశాడు.

"అవి అక్క నీళ్లు."

"బండి తగలబడుతుంటే అక్కేంటి తాతా?"

"ఇసుకకు కరువా ఇక్కడ? తవ్వు."

ఖూతా బండి కిందికి పాకి, రగులుతున్న గడ్డిని చేతులతోనే లాగాడు. ఆ ఇద్దరూ ఇసుక చల్లారు. ఎదుటి పొదలో ఒక చెవి కదిలింది. చెవి మళ్లీ వాలింది. పొగ ఆగింది.

పొద్దువాలే వేళకు గూడెం చేరారు.

"సింహం మింగిందనుకున్నా," అంది కోమ్సా.

"ఈ ఎముకలు దానికెందుకక్కా?" అన్నాడు, బొబ్బలెక్కిన చేతులు దాచుకుంటూ.

బండి కింద కాలిన గొట్టం బాగుచేసేసరికి ఒక రోజు ఎక్కువ పట్టింది. గేటు దగ్గర మోదిసేకు జాగ్రత్తలు చెప్పి పంపారు. ఖూతాకు మాత్రం, గడువు దాటాడని, మూడు నెలలు ప్రవేశం లేదన్నారు. కోమ్సా దగ్గరున్న నీళ్లు పది రోజులకే.

లెసెదీ ఆ సందర్శకుల పుస్తకంలో, అభిప్రాయాలు రాసే చివరి గడిలో రాసింది: "ఇక్కడ పుట్టినవాళ్లకు పాసెందుకు?"

మీలో ఎవరైనా ఆ దారిన వెళితే బండిలో ఒక క్యాను నీళ్లు అదనంగా పెట్టుకోండి. పాత గూడెం దగ్గర ఆగండి. తిరిగొచ్చేటప్పుడు ఆ గడిలో అదే ప్రశ్న రాయండి.