నాగమ్మక్కకు నేను చెప్పని మాట

చింతామణి టౌనులో పురుగుమందుల అంగడి ముందు నడిచినా చాలు, ఆ ఘాటు గొంతులో పట్టుకుంటుంది. మొన్న అక్కడే కాళ్లు ఆగిపోయాయి. నాగమ్మక్క మొండితనంతో చచ్చిపోయిందని జంగమకోటె చుట్టుపక్కల ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ అబద్ధం నాది.

గులాబీలు పెంచే పాలీహౌస్‌లో నేను సూపర్‌వైజర్‌ని. పూలు కోసే ఆడవాళ్లకు ఆమె పెద్ద. చదువు రాదు. మందు డబ్బా మీద, ఘోరమైన విషమని తెలిపే ఎర్రగుర్తు కనిపిస్తే ఆ రోజు ఎవరినీ లోపలికి పోనిచ్చేది కాదు. నేను చేరిన కొత్తలో ఒకసారి చెప్పకుండా మందు కొట్టించాను. అందరి ముందూ నిలదీసింది.

“ఏమప్పా, చేన్లో మందు కొట్టాలంటే పట్టుపురుగులు మేపే పక్కింటోళ్లకు ముందే చెప్తాం కదా, మల్బరీ ఆకు మీద పడితే పురుగు చస్తాదని. మేము పురుగు కన్నా కడనా, అంత లోకువా?”

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. సిగ్గుతో తల దించుకున్నాను. అప్పటినుంచి రోజూ పొద్దున ఏ మందు ఎప్పుడు కొట్టామో నేనే చెప్పేవాణ్ణి. పని చేయించేవాడి మొదటి పని అదేనని నాకు నేర్పింది ఆమె.

ఒక ఫిబ్రవరిలో పెద్ద ఆర్డరు వచ్చింది. పొద్దున్నే ఎర్రగుర్తు మందు కొట్టించాం. కాసేపటికి ఓనరు ఫోను చేసి, మొగ్గలు విచ్చుకోకముందే, ఆ పూటే కోయించమన్నాడు. నేను డబ్బాలు దాచేశాను.

తలుపు దగ్గర ఆమె ఆగింది. “ఘాటుగా ఉండాదే. ఏం కొట్టినారప్పా?”

“పచ్చగుర్తుదే అక్కా. అదీ నిన్న.”

“నువ్వు చెప్తే సరే.”

మొదటి వరుస తానొక్కతే కోసి, ఏమీ కాకపోతే మిగతావాళ్లను పిలవడం ఆమె అలవాటు. ఆ వరుస చివర నురగ కక్కుతూ పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు “ఏ మందు?” అని రెండుసార్లు అడిగాడు. పక్కనే ఓనరు. తెలియదన్నాను. ఆమె మూడో రోజు పోయింది. విచారణకు వచ్చినవాళ్లకు, వద్దని చెప్పినా వినలేదని రాసిచ్చాను.

కర్మలు ముగిశాక ఆమె కూతురు వచ్చి నా చేతులు పట్టుకుంది.

“మా అమ్మ మొండిదప్పా. నీ మాట వినింటే బతికుండేది. నీకు తిప్పలు తెచ్చింది, ఏమనుకోవద్దు.”

“పరవాలేదమ్మా” అన్నాను.

ఆ పిల్ల ఇప్పుడు మిట్టేమరి దగ్గర ఇంకో తోటలో పూలు కోస్తోంది. ఏం కొట్టారని ఎవరినీ అడగదట. “పైవాళ్లు పొమ్మంటే పోవడమే, మా అమ్మ మాదిరి చేయను” అంటుందట. జరిగిందంతా రాసిన ఈ కాగితం తీసుకుని ఆ ఊరికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ ఆ పిల్ల నన్ను చూసి లేచి నిలబడి, కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.