కుంకుమ అంటిన కేబుల్

ఆ రోజు పొద్దున కరీంనగర్‌లోని మా ఆసుపత్రి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పెళ్లికి పోతున్నంత హుషారుగా ఉంది. చేయబోయేదల్లా ఒక సర్వరును, సర్వర్లన్నిటినీ అదుపు చేసే పాత మేనేజ్‌మెంట్ సర్వరు అజమాయిషీ నుంచి తీసి కొత్తదాని అజమాయిషీలో పెట్టడం. ఆదిలాబాద్‌లో ఉన్న మా అవ్వకు ఫోన్లో చెబితే, “గంతేనా? గిదానికి గింత సంబురమా?” అంది.

ఆ సర్వరు చూడటానికి ఒక్కటే పెట్టె. లోపల మాత్రం తొమ్మిది వర్చువల్ మెషిన్లు, అంటే విడి పెట్టెలు లేని కంప్యూటర్లు, నడుస్తుంటాయి. ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, మందుల బిల్లులు అన్నీ వాటిలోనే. ఏ మెషిన్ ఏ దారిన నెట్‌వర్క్‌లోకి పోవాలో పాత మేనేజ్‌మెంట్ సర్వరులో రాసి ఉంది. కొత్తదానికి ఆ దారులు తెలియవు. ముందుగా ఏర్పాటు చేయకుండా మార్చేస్తే మెషిన్లు లోపల నడుస్తూనే ఉంటాయి, బయటివాళ్లకు మాత్రం అందవు.

ఇది నాకు చదివితే తెలిసింది కాదు. పోయినేడు ఇంకో సర్వరును తొందరపడి అలాగే మార్చాను. నలభై నిమిషాలు చీటీ రాలేదు. ఆ రోజు మెట్‌పల్లి నుంచి బీడీలు చేసే ఒకావిడ వచ్చింది. ఆమె చీటీ వచ్చేసరికి డాక్టరు వెళ్లిపోయారు. ఒక రోజు పని పోగొట్టుకుని, చూపించుకోకుండానే తిరిగి పోయింది. ఓపీ కౌంటర్లో ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్న పెద్దావిడను మేమందరం ఆపా అంటాం. “తప్పు చేసింది నువ్వు బేటా, ఆమె మొఖం చూసింది నేను,” అని ఆపా నాతో వారం రోజులు మాట్లాడలేదు.

అందుకే ఈసారి ఆపాకు మాట ఇచ్చాను, ఒక్క చీటీ కూడా ఆగదని. ఏదైనా అయితే అందరూ అందుబాటులో ఉంటారని పెద్ద డాక్టరు పని పగలే పెట్టించారు. కౌంటర్ దాటుతుంటే ఆపా ఒక లాంగ్ నోట్‌బుక్ ఎత్తి చూపింది. మిషన్ ఆగితే చేత్తో చీటీలు రాయడానికి స్కేలుతో గీతలు కొట్టి, వరసగా నంబర్లు వేసి పెట్టుకుంది.

“ఫికర్ చేయకు ఆపా, ఆగదన్న కదా.”

“నీ మీద నమ్మకం లేక కాదు. జర ముందుజాగ్రత్త.”

“నమ్మకముంటే గిన్ని గీతలెందుకు?”

“పో పో, నీ పని చూస్కో.”

మా సర్వరుకు వెనక రెండు నెట్‌వర్క్ కేబుళ్లు ఉన్నాయి. ఒకటి అసలుది, ఇంకొకటి అది తెగితే ఆదుకునే తోడు కేబుల్. ముందు తోడు కేబుల్‌ను సర్వరు లోపల దారులు కలిపే సొంత స్విచ్‌కు అప్పగించాలి. మెషిన్లను ఒక్కొక్కటిగా ఆ స్విచ్ మీదికి తేవాలి. అన్నీ వచ్చాక అసలు కేబుల్‌ను తేవాలి. ఇదంతా కంప్యూటర్ తెర మీదే జరుగుతుంది. అప్పుడు గానీ పాతదానితో తెగతెంపులు చేసుకోకూడదు.

తోడు కేబుల్ అప్పగించాను. ఎవరికీ అక్కర్లేని పరీక్ష మెషిన్‌ను దాని మీదికి తెచ్చి, ఉన్నావా అని పింగ్ కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. లేదు. ముందు ఆపా మెషిన్‌నే తెచ్చి ఉంటే ఈపాటికి కింద గోల మొదలయ్యేది. కేబుల్ దగ్గర పచ్చ లైటు మాత్రం హాయిగా వెలుగుతోంది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, పరీక్ష మెషిన్‌ను వెనక్కి పంపి, టార్చి పట్టుకుని సర్వరు వెనక దూరాను. కేబుల్‌ను తడుముకుంటూ రెండో చివర దాకా పోతే, అది సీసీ కెమెరాల స్విచ్‌లో ఉంది. కొన మీద ఎర్రటి వేలిముద్ర.

దసరా! దసరాకు మేం సర్వరు గదిలోనూ పూజ చేస్తాం. దుమ్ము తుడిచి ప్రతి పెట్టెకూ బొట్టు పెడతాం. తుడవడానికి ఆ కేబుల్ ఊడదీసింది నేనే. కుంకుమ వేళ్లతో పక్క స్విచ్‌లో పెట్టిందీ నేనే. లైటు వెలిగింది కదా అని కొబ్బరి ముక్క తినడానికి పోయాను. అసలు కేబుల్ ఎన్నడూ తెగలేదు కాబట్టి తోడు కేబుల్ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

దొంగా నేనే, పోలీసూ నేనే. ఒక్కదాన్నే పగలబడి నవ్వి, కేబుల్‌ను సరైన చోట పెట్టి మళ్లీ ప్రయత్నించాను. జవాబు! ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇక చేతులు ఊరుకోలేదు. మందుల బిల్లులు వచ్చాయి, ల్యాబ్ వచ్చింది. అన్నిటికంటే చివర ఆపా చీటీల మెషిన్. ఊపిరి బిగబట్టి నొక్కాను. ఒక్క పింగ్ తప్పిపోయింది, వెంటనే రెండోది వచ్చేసింది. అసలు కేబుల్‌నూ తెచ్చి, పాతదానితో తెంపి, కొత్తదానితో కలిపాను. కొత్తదాని తెర మీద తొమ్మిది పేర్లూ కనిపించగానే గట్టిగా అరిచాను.

మెట్లు దూకుతూ కిందికి వచ్చాను. లైను సాఫీగా సాగుతోంది. ఆపా తల ఎత్తకుండానే అడిగింది.

“ఎప్పుడు సురువు చేస్తవు బేటా? పొద్దటి సంది పెన్ను మూత తీసి కూసున్న.”

“అయిపోయింది ఆపా.”

ఆమె ప్రింటర్‌ను చూసింది, నన్ను చూసింది. “అయిపోయిందా? చీటీలు వస్తనే ఉన్నయి గదా!”

నేను నోట్‌బుక్ లాక్కుని తెరిచాను. అన్ని వరసలూ ఖాళీ, మొదటిది తప్ప. అందులో ‘మెట్‌పల్లి, బీడీల ఆమె’ అని ఉంది.

“ఇయ్యాల మళ్ల వచ్చింది,” అంది ఆపా మెల్లగా. “మిషన్ ఆగితే మొదటి చీటీ ఆమెకే ఇద్దామని రాసిపెట్టిన.”

“మరి చూపించుకున్నదా?”

“ఎప్పుడో చూపించుకున్నది. ఈపాటికి బస్సెక్కి ఉంటది.”

అంత లైను చూస్తుండగా నేను చప్పట్లు కొట్టాను.