కాదు మావయ్య, మూడు చక్రాల బండి

మా మావయ్యకి పళ్ళకంటే ముందు "కాదు" అనే మాట మొలిచిందని మా అమ్మ అంటుంది. ఆవిడ ఆయనకి సొంత అక్క కాబట్టి నమ్మక తప్పదు. మనం అవునంటే ఆయన కాదంటాడు. మనం కాదంటే "ఎందుకు కాదు?" అంటాడు. నలుగురు ఒక మాట మీద నిలబడ్డారంటే చాలు, ఐదోవాడుగా వచ్చి అడ్డంగా పడుకుంటాడు. బయటివాళ్ళకి ఆయన కళ్ళజోళ్ళ షాపాయన. మాకు మాత్రం కాదు మావయ్య.

షాపులో కూడా అదే వరస. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెడతాడు.

"ఇప్పుడు బాగా కనిపిస్తోందండీ."

"కాదు, కనిపించట్లేదు."

"కనిపిస్తోందండీ బాబూ! కింది వరస కూడా చదివేశాను కదా."

"చదవలేదు, అప్పజెప్పారు. ఇందాకటి నుంచీ ఆ అక్షరాల ముందే కూర్చున్నారు, నోటికి రాకుండా ఉంటాయా? అదిగో, ఆ క్యాలెండర్ చదవండి."

ఆ పెద్దమనిషి క్యాలెండర్ చదవబోయి నీళ్ళు నమిలాడు. మావయ్య ఇంకో అద్దం పెట్టాడు. మా మావయ్య షాపుకి వచ్చేవాళ్ళు సగం మంది కళ్ళ కోసం వస్తారు, సగం మంది వాదనకి గొంతు సవరించుకుని వస్తారు.

ఇంట్లోవాళ్ళం ఆయనతో ఎలా నెగ్గుకురావాలో ఎప్పుడో నేర్చుకున్నాం. భోజనానికి రమ్మంటే రాడు. "నువ్వు ఇవాళ తినకు, అరగదు" అని అమ్మ అంటే మాత్రం కంచం ముందు వాలిపోతాడు. జ్వరం వస్తే "డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్ళకు" అంటే చాలు, చెప్పులు వేసుకుని బయల్దేరతాడు. ఇంత సులువైన మనిషి ఇంకొకడు లేడని అందరం లోలోపల మురిసిపోయేవాళ్ళం.

ఒకసారి ఆయనుండే అపార్ట్‌మెంట్‌లో మీటింగ్ పెట్టారు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడ లిఫ్టు పక్కనే పూలకుండీలు పెడుతోంది, నడవడానికి దారి లేదు, తీయించేయాలని అందరూ చేతులెత్తారు. మావయ్య ఒక్కడే చెయ్యెత్తలేదు.

"పొద్దున్న వాటిని తన్నుకుని కింద పడబోయింది మీరే కదండీ?" అని సెక్రటరీ ఆశ్చర్యపోయాడు.

"పడబోయాను, పడలేదు. రోజూ తన్నుకుంటున్నాను. ఇప్పుడు తీసేస్తే నేను దేన్ని తన్నుకోవాలి?"

ఆ మాటతో కుండీలు ఉండిపోయాయి. పువ్వుల వాసన తగిలితే మావయ్యకి తుమ్ములు ఆగవు. అప్పటినుంచీ లిఫ్టు ఎక్కినప్పుడల్లా తుమ్ముకుంటూ పైకి వెళ్తాడు.

ఇలాంటి మనిషి ముందుకి మా చెల్లి స్ట్రోలర్ గొడవ, అదే, పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి గొడవ వచ్చింది.

పెళ్ళికి ముందు నుంచీ మా చెల్లికి పొద్దున్నే పరిగెత్తే అలవాటు. కాలవ గట్టున మట్టిదారిలో పరిగెత్తి వస్తేగాని దానికి తెల్లవారినట్టుండదు. పాప పుట్టాక ఆ అలవాటు ఆగిపోయింది. పాప స్థిరంగా కూర్చోవడం మొదలుపెట్టాక డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి, ఇక పరిగెత్తొచ్చు, కావాలంటే బండిలో పాపని కూడా తీసుకెళ్ళొచ్చు అంది. చెల్లి ఆ సాయంత్రమే అందర్నీ వాళ్ళింటికి పిలిచి, హాల్లో కూర్చోబెట్టి సంగతి బయటపెట్టింది.

"నాకు మూడు చక్రాల స్ట్రోలర్ కావాలి. పెద్ద చక్రాలది. పాపని అందులో కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద పరిగెత్తుతాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పిల్లతల్లివి, పరుగులేమిటే?" అంది అమ్మ.

"మూడు చక్రాలైతే పడిపోతుంది" అన్నాడు బావ, అంటే చెల్లి మొగుడు. "నాలుగు చక్రాలది తీసుకుందాం. మెల్లిగా పార్కులో తిప్పుకోవచ్చు."

చెల్లి వాళ్ళ అత్తగారు పాపని గుండెకి హత్తుకుని, "నా మనవరాలిని బండిలో వేసి పరిగెత్తిస్తారా? నేను బతికుండగా వీల్లేదు" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పాప తుమ్మితే ఈవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, అంతే.

"నాకు ఊపిరాడట్లేదు అత్తయ్యా" అంది చెల్లి. "ఇరవై నాలుగ్గంటలూ ఈ గోడల మధ్యే ఉంటున్నాను. నేను పరిగెత్తుతాను. పాపని వదిలి కాదు, పాపతోనే పరిగెత్తుతాను."

"అందరూ వద్దంటుంటే నీ ఒక్కదానికే ఎందుకింత పట్టుదల?" అన్నాడు బావ.

అప్పటిదాకా మావయ్య మూల కుర్చీలో కూర్చుని అసలు బండే ఎందుకు, చంకలు లేవా అని గొణుగుతున్నాడు. బావ నోట "అందరూ" అన్న మాట రాగానే తలెత్తాడు.

"నాలుగు చక్రాలు పనికిరావు. మూడే ఉండాలి."

"బాబాయిగారూ, మీరు మొదలుపెట్టకండి" అన్నాడు బావ.

"మొదలుపెట్టేశాను. మూడు కాళ్ళ స్టూలు ఎప్పుడైనా కుంటుతుందా? నాలుగు కాళ్ళ బల్ల చూడు. కింద కాగితం మడిచి పెడితేగాని నిలబడదు. మీ డైనింగ్ టేబుల్ కిందే ఉంది, వంగి చూసుకో."

బావ వంగలేదు. అక్కడ కాగితం ఉన్న మాట అందరికీ తెలుసు.

మర్నాడు మావయ్య నన్ను వెంటబెట్టుకుని పిల్లల సామాన్ల షాపుకి బయల్దేరాడు. దారిలో ఆగి ఒక పుచ్చకాయ కొన్నాడు.

"ఎందుకు మావయ్యా?"

"పాప ఇంత బరువే ఉంటుంది."

షాపులో అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి నాలుగు చక్రాల బండ్ల వరస చూపించింది. "అందరూ ఇదే తీసుకుంటున్నారు సార్."

"అయితే నాకొద్దు. ఎవరూ తీసుకోనిది చూపించు."

ఆ అమ్మాయి తెల్లబోయి లోపలికి వెళ్ళి మూడు చక్రాల బండి తోసుకొచ్చింది. ముందు ఒక చక్రం, వెనక రెండు. సైకిల్ చక్రాల్లాగా గాలి నింపిన టైర్లు. మావయ్య పుచ్చకాయకి తువ్వాలు చుట్టి, సీట్లో కూర్చోబెట్టి, బెల్టులన్నీ బిగించాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోతుంటే వినిపించుకోకుండా షాపు మధ్యలో పరుగందుకున్నాడు.

ముందు చక్రం పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ ఊగింది. బండి పక్కకి తిరిగింది. డైపర్ల గుట్ట ఒకటి, దాని మీద కూర్చున్న ఎలుగుబంటి బొమ్మ ఒకటి వచ్చి మావయ్య నెత్తిన పడ్డాయి. పుచ్చకాయ మాత్రం కదల్లేదు.

"పరిగెత్తేటప్పుడు ముందు చక్రం తిరగకుండా బిగించుకోవాలి సార్! ఆ మీట నొక్కాలి. అదే చెప్పబోయాను."

"ఇప్పుడు చెప్పడం కాదు, ముందే గట్టిగా అరవాలి" అని లేచి, మీట నొక్కి, బండిని వీధిలోకి తోసుకెళ్ళాడు. నేనూ, షాపు అమ్మాయీ వెనకే పరిగెత్తాం. ఇప్పుడు బండి గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. గుంతల్లో దిగింది, ఎక్కింది, రాళ్ళ మీద నుంచి దూకింది. బండి జారిపోకుండా పిడికి ఉన్న పట్టీ మణికట్టుకి తగిలించుకున్నాడు. వాలులో బ్రేకు వేశాడు. మళ్ళీ తోశాడు, మళ్ళీ వేశాడు.

సంచీ పట్టుకుని వెళ్తున్న ఒకావిడ ఆగి, "ఏమయ్యా, వయసొచ్చింది కదా, పసిబిడ్డని అలా ఎగరేస్తావా?" అని కేకలేసింది.

"నా పుచ్చకాయ, నా ఇష్టం!"

ఆవిడ వంగి తువ్వాలులోకి చూసి, "అమ్ముతావా?" అంది.

"కాదు, పెంచుతున్నాను" అన్నాడు మావయ్య.

కొనడం ఆదివారానికి పెట్టుకున్నాం. ఈ లోపల బావ ఊరుకోలేదు. మావయ్య కిటుకు ఇంటల్లుడికి కూడా తెలుసు కదా. వాళ్ళమ్మకీ, మా అమ్మకీ, నాకూ ఫోన్లు చేసి పథకం చెప్పాడు. ఆదివారం అందరం షాపుకి వెళ్దాం, వెళ్ళగానే మూడు చక్రాల బండే బావుందని అందరం ముక్తకంఠంతో అందాం, దాంతో బాబాయిగారు తిరగబడి నాలుగు చక్రాలే కావాలంటారు, అప్పుడు సరే మీ మాటే నెగ్గిందని అదే కొనేద్దాం. అమ్మకి ఇది మహా ముచ్చటగా ఉంది. నాకూ నవ్వొచ్చింది. పథకం సంగతి చెల్లికి ఎవరూ చెప్పలేదు గానీ, దానికి షాపు గుమ్మంలోనే అర్థమైపోయింది. మా మొహాలు అంత బాగా ఉన్నాయి మరి.

"మూడు చక్రాలదే అందంగా ఉంది కదమ్మా" అన్నాడు బావ, గోడలు వినేలా.

"చాలా బాగుంది" అంది అత్తగారు పళ్ళు బిగించి.

"నాకూ అదే నచ్చింది" అంది అమ్మ.

"నాకూ" అన్నాను నేను.

అందరం మావయ్య వంక చూశాం. మావయ్య బావని చూశాడు, అత్తగారిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత చెల్లిని చూశాడు. అది తల దించుకుని ఆ బండి టైరుని వేలితో నొక్కుతోంది.

"అలాగే" అన్నాడు మావయ్య. "నాకూ ఇదే నచ్చింది. బిల్లు వెయ్యమ్మా."

మా అమ్మ చేతిలోని సంచీ జారి కింద పడింది. పుట్టి బుద్ధెరిగాక మావయ్య ఇంతమందితో ఏకీభవించడం అదే మొదలు.

"అదేంటి బాబాయిగారూ!" బావ దాదాపు ఏడ్చినంత పని చేశాడు. "మీరు ఒప్పుకోకూడదు కదా!"

"ఒప్పుకోకూడదని ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను!"

"నువ్వన్నావు కాబట్టే ఒప్పుకున్నాను" అని మావయ్య బండి పిడి చెల్లి చేతుల్లో పెట్టాడు. అది ఆ పిడిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఇక లాక్కోవడం ఎవరి తరమూ కాదని మాకు అప్పుడే తెలిసిపోయింది.

మర్నాటి నుంచి కాలవ గట్టు మీద చెల్లి పరుగు మొదలైంది. మొదట్లో బావ సైకిల్ మీద వెనకే కాపలా వెళ్ళేవాడు. తర్వాత సైకిల్ వదిలేసి తనూ పరుగు అందుకున్నాడు, పొట్ట కాస్త తగ్గింది. పాప గాలికి కళ్ళు చికిలించి, రెండు చేతులూ పైకెత్తి కేరింతలు కొట్టేది. దాని తల్లి నవ్వు మాకు మళ్ళీ వినిపించడం మొదలైంది.

ఒక ఆదివారం అందరం కాలవ గట్టుకి వెళ్ళాం. చెల్లి దూరం నుంచి బండి తోసుకుంటూ వస్తోంది. అత్తగారు పక్కన బెంచీ మీద కూర్చుని చూస్తోంది. అప్పుడు మొదలుపెట్టాం మేం.

"నేను బతికుండగా వీల్లేదన్నారు, గుర్తుందా వదినగారూ?" అంది అమ్మ.

"పడిపోతుందని ఎంత గోల చేశావమ్మా!" అన్నాడు బావ. తను చేసిన గోల అప్పటికి మరిచిపోయాడు.

నేనూ ఒక మాట కలిపాను. అందరం నవ్వాం. అత్తగారు కూడా నవ్వబోయింది గానీ నవ్వు సరిగ్గా రాలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"కాదు" అన్నాడు మావయ్య. వెళ్ళి ఆవిడ పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. "వదినగారు చెప్పిందే నిజం. మూడు చక్రాల బండి ప్రమాదమే."

చెల్లి రొప్పుతూ వచ్చి ఆగింది. "మావయ్యా! కొనిపించింది నువ్వే కదా!"

"కొనిపిస్తే? కొనిపించినవాడు తప్పులు చెప్పకూడదా? ఆ ముందు చక్రం ఎలా ఊగిందో, డైపర్లు నా నెత్తి మీద ఎలా పడ్డాయో వీణ్ణి అడుగు. వదినగారు ఆ రోజు అంత భయపడ్డారు కాబట్టే నేను పుచ్చకాయ పట్టుకెళ్ళాను. ఆవిడ భయపడకపోతే చక్రం బిగించాలని మనకెవరికి తెలిసేది? మీ అందరికీ నవ్వడం వచ్చు. భయపడడానికి ఇంట్లో ఒక్క మనిషైనా ఉండద్దా?"

చెల్లి మావయ్యని చూసింది, అత్తగారి పక్కనే ఆయన ఇరుక్కుని కూర్చున్న తీరు చూసింది. తర్వాత నన్ను చూసింది. షాపులో ఆయన అందరితో ఎందుకు ఏకీభవించాడో నాకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ ఆయన్ని ఆడిస్తున్నామనుకున్నాం. ఆయన అసలు మా మాటలు లెక్కపెట్టడమే లేదు. గదిలో ఎవరి పక్కన ఎవరూ లేరో చూసుకుని, అక్కడికి వెళ్ళి నిలబడుతున్నాడు, అంతే.

అత్తగారు లేచింది. కొంగు నడుముకి దోపుకుంది.

"ఏదీ, ఆ మీట ఎక్కడుందో చూపించండి మరిదిగారూ. నేనూ ఒకసారి తోసి చూస్తాను."

మావయ్య మీట చూపించాడు. పట్టీ ఆవిడ మణికట్టుకి తగిలించాడు. ఆవిడ ముందు అడుగులో అడుగు వేసింది. తర్వాత పెద్ద పెద్ద అంగలు వేసింది. పాప కేరింత కొట్టింది. దాంతో ఆవిడ నడక పరుగు లాంటిదేదో అయిపోయింది.

"అమ్మా, మెల్లిగా!" అని అరిచాడు బావ.

"వదినగారూ, జాగ్రత్త!" అంది అమ్మ.

"అత్తయ్యా, వద్దు, ఆగండి!" అని మా చెల్లి కూడా అరిచింది.

అందరం ఒకే మాట మీద ఉన్నాం. ఇంకేముంది, మావయ్య చెప్పులు వదిలేసి, పంచె ఎగ్గట్టి, ఆవిడ పక్కన పరిగెత్తుతూ అరుస్తున్నాడు. "ఆగకండి వదినగారూ! ఇంకా వేగంగా వెళ్ళండి! ఎవడాపుతాడో నేను చూస్తాను!"