మా బావ వెనక్కి చూసేవారు కాదు

నా చేతిరాత వంకర, తప్పులూ ఎక్కువే. దిద్దుకొని చదవండి. మా బావ, అంటే మా అక్క భర్త, మొన్న ఆదివారం పోయారు. ఇందుకూరుపేట వైపు మా పల్లెలో తెరచాపతో పడవ నడిపిన పాతవాళ్ళలో ఆయనే ఆఖరు. మట్టిచేసేటప్పుడు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

ఇంజన్లు వచ్చాక కూడా ఆయన ఆ చాపను పారేయలేదు. ఇసుకలో పరిచి ఆరబెట్టి, చిరుగులు కుట్టుకునేవారు.

"నా చీర చినిగితే ఈయనకు కనపడదు. చాప చినిగితే మాత్రం సూది దొరకతాది," అని అక్క దెప్పేది.

"నీ చీర చినిగితే మేం మునగం గదే," అనేవారు.

నాకు పెళ్ళయిన కొత్తలో ఒకరోజు బావా నేనూ చేపల వేటనుంచి తిరిగొస్తుంటే గాలి రేగింది. బావ చాపను సగానికి దించారు. ఒడ్డున అక్క, నా భార్య నిలబడి ఉన్నారు. కానీ ఒడ్డుకు ముందే అలలు విరుగుతున్నాయి. అక్కడ పెద్ద అల వెనకనుంచి అందుకుంటే పడవ బోల్తాపడుతుంది. పెద్దవి దాటిపోయాక, సందు చూసి దూరాలి.

"పోదాం బావా, వాళ్ళు చూస్తాండారు," అన్నాను.

"ఒడ్డును చూసి ఆశపడబాక అబ్బయా."

ఆయన పడవ వెనక భాగంలో తెడ్డు పట్టి కూర్చొని, నన్ను తనకు ఎదురుగా కూర్చోబెట్టారు. తల తిప్పితే తెడ్డు పక్కకు పోతుందని ఆయన వెనక్కి చూసేవారు కాదు. ఆయన వీపు వెనక లేచే అలలు నాకే కనిపిస్తాయి.

"నువ్వు చూడు, నేను నడపతా. అయిపోయినాయని నువ్వు చెప్తేనే పోయేది."

"వస్తాంది," అన్నాను. ఆ గాలిలో నాకే వినపడలేదు.

"పెళ్ళిచూపులకొచ్చినావా ఏంది? అరవరా బామ్మర్దీ!"

అరిచాను. ఇంకోటి వస్తాంది. ఇంకోటి. పడవ లేచి పడుతోంది. ఆయన నా కళ్ళనే చూస్తున్నారు. చివరికి ఆయన వెనక నీళ్ళు చదునైనట్టు అనిపించింది. తప్పు చెబితే ఇద్దరం పోతాం.

"పోయినాయి బావా, పోనీ!"

నిజమా అని అడగలేదు. తిరిగి చూడలేదు. చాప తాడు లాగారు. పడవ అడుగు ఇసుకను రాసుకున్నాక, "గొంతుండాదే నీకు," అన్నారు. అంతే.

నా మాటను అంతగా నమ్మినవారు మళ్ళీ తగల్లేదు.

ఆయన పడవ ఎక్కినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, దయచేసి తొందరగా నాలుగు ముక్కలు రాయండి. అక్కకు చదివి వినిపిస్తాను. ఆయన ఆరబెట్టిన చాప ఇంకా ఇసుకలోనే ఉంది. అక్క మడతపెట్టనివ్వడం లేదు. నాలుగు మూలలా ఆయన పెట్టిన రాళ్ళు అలాగే ఉన్నాయి. గాలి వచ్చినప్పుడల్లా నడుమ ఉబ్బుతోంది.