చక్రం కింద నలగని నిమ్మకాయ

ఇవాళ పొద్దున సైనిక్‌పురిలో మా అపార్ట్‌మెంట్ కింద, కారు వెనక చక్రాలు విప్పి అరిగిన బ్రేకు డిస్కులు నేనే మారుస్తుంటే పై ఫ్లాటు అంకుల్ ఆగారు.

"గివన్నీ నీకెందుకమ్మా? మెకానిక్‌ను పిలిస్తే అయిపోతుండె గద!"

ఆ మాటా, నల్లటి బ్రేకు దుమ్ము వాసనా కలిసి నన్ను మా చిన్నప్పటి బోయిగూడ గల్లీలో పడేశాయి. మన ఈడు వాళ్ళకు గుర్తుందా, సందుసందునా కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచిన రోజులు? అప్పుడు అమ్మ కిరోసిన్ గిన్నె, పాత చీర పేలిక ముందేసుకుని తన మోపెడ్ బ్రేకులు తనే బాగుచేసుకునేది.

ఒకసారి ఎదురింటి పెద్దాయన నిమ్మకాయ పట్టుకొచ్చాడు. "ఆడోళ్ళు జేసిన బ్రేకు. జెర ఈ నిమ్మకాయ తొక్కిచ్చి పో బిడ్డా."

అమ్మ దాన్ని గల్లీ మధ్యలో పెట్టింది. మోపెడ్ మీద జోరుగా వచ్చి, దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"తొక్కుడు అందరికీ వస్తది కాకా. ఆగుడు సూడు."

ఆ నిమ్మకాయతోనే షర్బత్ కలిపి ఆయనకిచ్చింది.

నా పని పూర్తయ్యాక వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి గేటు ముందు పెట్టాను. అంకుల్ చూస్తుండగానే కారు తెచ్చి, దాని ముందు ఆపి, అద్దం దించాను.

"అంకుల్, షర్బత్‌లో ఉప్పా, చక్కెరా?"